పిల్లల ఏఆర్‌డీఎస్‌లో వెంటిలేటర్: ఏ అంకెను పట్టుకోవాలి, ఏ అంకెను వదిలేయాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. రెండేళ్ల బిడ్డ, 12 కిలోలు. న్యుమోనియాతో చేరిన రెండో రోజుకే ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ తెల్లబడ్డాయి. ఊపిరితిత్తులు వాచి, నీరు చేరి, రక్తానికి ఆక్సిజన్ అందని ఈ స్థితే ఏఆర్‌డీఎస్. ట్యూబ్ వేసి వెంటిలేటర్ పెట్టారు. టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసకు వెళ్లే గాలి) 72 మి.లీ., పీప్ (శ్వాస వదిలాక కూడా ఊపిరితిత్తిలో నిలిపి ఉంచే ఒత్తిడి) 6, ప్లేటో ప్రెషర్ (శ్వాస నిండి గాలి కదలిక ఆగినప్పటి ఒత్తిడి) 26, ఇస్తున్న ఆక్సిజన్ 70 శాతం, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ నిండిన శాతం) 91. ఒత్తిళ్లన్నీ సెం.మీ. నీటి లెక్కలో. పెద్దలకు చెప్పే కిలోకు 6 మి.లీ. సూత్రం పిల్లలకూ పనికొస్తుందా, పీప్ ఎంతవరకు పెంచవచ్చు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 65, పీహెచ్ (రక్తం ఆమ్లతకు కొలత) 7.25 ఉంటే శ్వాసల రేటు పెంచి సరిచేయాలా, ఇవేవీ పారకపోతే తర్వాతి మెట్టు ఏమిటి అని అడిగారు.

అసలు మాట ముందే చెబుతాను. ఈ బిడ్డకు పీప్ చాలడం లేదు. ప్లేటో నుంచి పీప్‌ను తీసివేస్తే మిగిలేది డ్రైవింగ్ ప్రెషర్. మీ బిడ్డలో అది 20. దాన్ని 15కు దించడమే ఈ పూట మీ పని. టైడల్ వాల్యూమ్‌ను అందుకు తగ్గట్టు కత్తిరించుకోండి. కార్బన్ డయాక్సైడ్ 65ను ముట్టుకోకండి. ఇక కారణాలు చెబుతాను. కారణం తెలియకుండా అంకెలు మాత్రమే పాటిస్తే ఈ బిడ్డకు సరిపోయినవి పక్క మంచం మీది బిడ్డకు హాని చేస్తాయి.

ముందు తీవ్రత ఎంతో లెక్క కట్టండి. పిల్లల కోసం పాలిక్ అనే నిపుణుల బృందం 2015లో ఇచ్చిన నిర్వచనమూ, 2023లో వచ్చిన దాని రెండో కూర్పూ ఆక్సిజనేషన్ ఇండెక్స్‌ను ఎంచుకున్నాయి. సగటు వాయుమార్గ ఒత్తిడిని ఆక్సిజన్ శాతంతో గుణించి, ధమని రక్తంలోని ఆక్సిజన్ ఒత్తిడితో భాగించాలి. నాకు ఈ కొలత నచ్చుతుంది. ఆ ఆక్సిజన్‌ను సంపాదించడానికి ఊపిరితిత్తి మీద ఎంత ఒత్తిడి పెట్టామో కూడా ఇందులో లెక్కకు వస్తుంది. ధమనిలో లైన్ లేకపోతే సాచురేషన్‌తో భాగించవచ్చు. కాకపోతే సాచురేషన్ 97కు మించకుండా ఆక్సిజన్ తగ్గించి చూడాలి, 100 దగ్గర ఆ లెక్కకు అర్థం లేదు. మీ బిడ్డకు నిమిషానికి 30 శ్వాసలు, ఒక్కో శ్వాస లోపలికి వెళ్లే సమయం 0.7 సెకను అనుకుంటే సగటు ఒత్తిడి సుమారు 13 అవుతుంది. 13ను 70తో గుణించి 91తో భాగిస్తే 10. సాచురేషన్ లెక్కలో 5 నుంచి ఏఆర్‌డీఎస్, 12 నుంచి తీవ్రం. ధమని రక్తం లెక్కలో ఆ హద్దులు 4, 16. రెండో కూర్పు ప్రకారం తీవ్రతను వెంటిలేటర్ పెట్టిన నిమిషంలో కాకుండా కనీసం నాలుగు గంటలు గడిచాక తేల్చాలి. మీ బిడ్డ తీవ్రమైన గట్టుకు ఇవతలే ఉంది, కానీ చాలా దగ్గరగా ఉంది. 27 దేశాల్లోని 145 పిల్లల ఐసీయూలను కలుపుకొని 2019లో వెలువడిన పరిశీలనలో ఏఆర్‌డీఎస్ పిల్లల్లో మరణాలు సుమారు 17 శాతం. తీవ్రంగా ఉన్నవారిలో దాదాపు మూడో వంతు. గట్టుకు ఏ వైపున ఉన్నామన్నది అంత ముఖ్యం.

ఇప్పుడు 6 మి.లీ. సంగతి. 2000లో వచ్చిన పెద్దల పరిశోధనలో 861 మంది పాల్గొన్నారు. కిలోకు 12 మి.లీ. ఇచ్చినవారిలో మరణాలు 39.8 శాతం, 6 మి.లీ. ఇచ్చినవారిలో 31 శాతం. ఇలాంటి పరిశోధన పిల్లల్లో జరగలేదు. పిల్లల్లో ఉన్నవన్నీ పరిశీలనలే, అవి ఒకే మాట చెప్పవు. కొన్నిటిలో ఎక్కువ వాల్యూమ్ అందిన పిల్లలే బాగా బయటపడినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి ఎక్కువ వాల్యూమ్ మంచిదనుకోకూడదు. పిల్లల ఐసీయూల్లో ఎక్కువగా ప్రెషర్ కంట్రోల్, అంటే వాల్యూమ్‌ను కాకుండా ఒత్తిడిని నిర్ణయించి పెట్టే పద్ధతి, వాడతాం. ఊపిరితిత్తి ఎంత బిగుసుకుంటే అదే ఒత్తిడికి అంత తక్కువ గాలి వెళుతుంది. అంటే తక్కువ వాల్యూమ్ అందిన బిడ్డ ఎక్కువ జబ్బుపడిన బిడ్డే. ఆ పరిశీలనల్లో మనకు కనిపిస్తున్నది వాల్యూమ్ ఫలితం కాదు, జబ్బు తీవ్రత.

అందుకే పాలిక్ రెండో కూర్పు కిలోకు 6 నుంచి 8 మి.లీ. మధ్య మొదలుపెట్టమంటుంది. ప్లేటో 28కి లోపల, డ్రైవింగ్ ప్రెషర్ 15కు లోపల ఉండేందుకు అవసరమైతే 6 కంటే కిందికీ దిగమంటుంది. 4 కంటే తగ్గించేటప్పుడు జాగ్రత్త అంటుంది. పొట్ట ఉబ్బి, లేదా ఛాతీ గోడ బిగుసుకుని ఉన్న బిడ్డకు ప్లేటో 29 నుంచి 32 వరకు ఒప్పుకోవచ్చు. అక్కడ ఒత్తిడిలో కొంత భాగం ఛాతీ గోడను ఎత్తడానికే ఖర్చవుతుంది, అదంతా ఊపిరితిత్తి మీద పడదు. ఎలుకల మీద 1988లో డ్రేఫస్ బృందం చేసిన ప్రయోగం దీన్ని ఇప్పటికీ అందరికంటే స్పష్టంగా చెబుతుంది. ఎక్కువ ఒత్తిడి పెట్టినా ఛాతీని బిగించి కట్టి ఊపిరితిత్తిని సాగనివ్వకపోతే నీరు చేరలేదు. సాగనిచ్చినప్పుడే చేరింది. గాయం చేసేది సాగడమే. డ్రైవింగ్ ప్రెషర్ చూడమనడానికి కారణమూ అదే. జబ్బుతో మూసుకుపోయిన భాగాలు పోగా మిగిలిన, ఇంకా గాలి ఆడుతున్న చిన్న భాగం ఎంత సాగుతోందో అది చెబుతుంది. కిలోకు ఇన్ని మి.లీ. అన్న లెక్కకు బిడ్డ బరువు తెలుసు కానీ, ఆ బిడ్డలో ఊపిరితిత్తి ఎంత మిగిలిందో తెలియదు.

బరువు మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. లెక్కకు తీసుకోవాల్సింది ఎత్తుకు తగిన బరువు. పదేళ్ల పిల్లవాడు, ఎత్తు 135 సెం.మీ., తూకంలో 50 కిలోలు అనుకోండి. ఆ ఎత్తుకు తగిన బరువు సుమారు 30 కిలోలు. 50తో లెక్కవేసి కిలోకు 6 అని 300 మి.లీ. పెడితే, నిజానికి ఆ ఊపిరితిత్తికి అందేది కిలోకు 10. కేస్ షీట్‌లో మాత్రం ‘6 మి.లీ., రక్షణాత్మక పద్ధతి’ అనే ఉంటుంది. మంచం మీద పడుకున్న బిడ్డ ఎత్తును టేపుతో కొలవడానికి ఒక నిమిషం పట్టదు. దయచేసి కొలవండి.

కొలతల్లో ఇంకో పొరపాటు చిన్న పిల్లల్లోనే వస్తుంది. మెషీన్ తెర మీద కనిపించే వాల్యూమ్‌ను ఎక్కడ కొలుస్తున్నారు? మెషీన్ దగ్గరే కొలుస్తుంటే, పైపులు సాగి మింగేసే గాలి కూడా అందులో కలుస్తుంది. పైపుల గుణం ఒక్కో సెం.మీ. ఒత్తిడికి 1 మి.లీ. అయినా, 20 ఒత్తిడికి 20 మి.లీ. పైపుల్లోనే ఉండిపోతుంది. 6 కిలోల పసిబిడ్డకు మీరు ఇవ్వాలనుకున్నది 36 మి.లీ. మాత్రమే. మెషీన్ ఈ నష్టాన్ని సరిచేసి చూపుతోందో లేదో తెలుసుకోండి, లేదా ట్యూబ్ మొదట్లో సెన్సార్ పెట్టి కొలవండి. కఫ్ (గాలి పక్కనుంచి పోకుండా ట్యూబ్ చుట్టూ ఉబ్బే బుడగ) ఉన్న ట్యూబ్ వాడండి. పక్కనుంచి గాలి లీకవుతున్న ట్యూబ్‌తో ప్లేటోనూ నమ్మలేం, వాల్యూమ్‌నూ నమ్మలేం, పీప్ కూడా నిలవదు. ప్రెషర్ కంట్రోల్‌లో పెట్టిన పై ఒత్తిడిని ప్లేటో అనుకోవడం కూడా మామూలుగా జరిగే పొరపాటే. శ్వాస లోపలికి వెళ్లడం ముగిసేసరికి గాలి ప్రవాహాన్ని చూపే ఫ్లో గీత సున్నాకు చేరితేనే ఆ రెండూ ఒకటి. చేరకపోతే, బిడ్డ సొంతంగా శ్వాస లాగని క్షణం చూసి, కాసేపు ఊపిరి పట్టి ఉంచే బటన్ నొక్కి చదవండి.

ఇక పీప్. నాకు ఎక్కువ బాధ కలిగించే విషయం ఇదే, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

పిల్లల ఛాతీ గోడ మెత్తన. పెద్దల ఛాతీ గోడ బయటికి లాగుతూ ఊపిరితిత్తిని కొంతవరకు తెరిచి ఉంచుతుంది, రెండేళ్ల బిడ్డలో ఆ ఆసరా తక్కువ. ఒక గాలి గది మూసుకుపోతే పక్క గదిలోంచి గాలి చేరే అడ్డదారులు కూడా చిన్న పిల్లల్లో సరిగా ఏర్పడి ఉండవు. దానికి తోడు కిలో బరువుకు వారి శరీరం వాడే ఆక్సిజన్ పెద్దల కంటే దాదాపు రెట్టింపు. అంటే పిల్లల ఊపిరితిత్తి త్వరగా మూసుకుపోతుంది, మూసుకుపోతే త్వరగా నీలబడతారు. ఇలాంటి వారికి పెద్దలకంటే పీప్ ఎక్కువ అవసరమయ్యే అవకాశం ఉంది. ఆచరణలో జరుగుతున్నది తలకిందులు. ఆక్సిజన్‌ను 60కీ 70కీ 80కీ తడబడకుండా పెంచుతాం, పీప్ మాత్రం 5, 6 దగ్గర అతుక్కుపోతుంది. వెయ్యికి పైగా పిల్లలను చూసి 2018లో వెలువడిన విశ్లేషణలో, ఏఆర్‌డీఎస్ నెట్‌వర్క్ అనే పరిశోధన బృందం పట్టిక (ఎంత ఆక్సిజన్‌కు ఎంత పీప్ అన్నది) చెప్పినదానికంటే తక్కువ పీప్ పెట్టిన పిల్లల్లో మరణాలు ఎక్కువగా కనిపించాయి. జబ్బు తీవ్రతను లెక్కలోంచి తీసేసినా ఆ తేడా పోలేదు. అది కూడా పరిశీలనే. అయినా శరీరధర్మం ఏం చెబుతోందో అదే దిక్కు చూపిస్తోంది. ఆ పట్టికలోని తక్కువ పీప్ వరుస ప్రకారం 50 శాతం ఆక్సిజన్‌కు పీప్ 8 నుంచి 10, 60కి 10, 70కి 10 నుంచి 14, 80కి 14. గుర్తుంచుకోండి, ఇది తక్కువ పీప్ వరుస. మీ బిడ్డకు 70 శాతం దగ్గర 6 ఉంది.

ఎలా పెంచాలి? ఒక్కో మెట్టుకు 2 పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గర కొన్ని నిమిషాలు ఆగి, నాలుగు విషయాలు చూడండి: ప్లేటో, సాచురేషన్, బీపీ, వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చూపే గీత. మీ బిడ్డకు ఇలా జరిగిందనుకుందాం. వాల్యూమ్‌ను 72 దగ్గరే ఉంచారు. పీప్ 6 దగ్గర ప్లేటో 26, డ్రైవింగ్ ప్రెషర్ 20. పీప్ 10కి తెచ్చారు, ప్లేటో 27. పీప్ నాలుగు పెరిగితే ప్లేటో ఒక్కటే పెరిగింది, డ్రైవింగ్ ప్రెషర్ 17కు దిగింది. మూసుకున్న గదులు తెరుచుకుంటున్నాయని దీని అర్థం. కొత్త బెలూన్‌ను మొదటిసారి ఉబ్బించడం కష్టం, కాస్త ఉబ్బి ఉన్నదాంట్లోకి ఇంకాస్త ఊదడం తేలిక. ఇక్కడ జరిగింది అదే. 12 దగ్గర ప్లేటో 28, డ్రైవింగ్ ప్రెషర్ 16. 14 దగ్గర ప్లేటో ఒక్కసారిగా 33కు ఎగిరింది, డ్రైవింగ్ ప్రెషర్ 19కి తిరిగి పెరిగింది, బీపీ కూడా జారింది. అంటే తెరుచుకోవాల్సినవి తెరుచుకున్నాయి, ఇక తెరిచి ఉన్నవే అతిగా సాగుతున్నాయి. వెనక్కి 12కు రండి. ఇప్పుడు వాల్యూమ్‌ను కిలోకు 5, అంటే 60 మి.లీ.కి తగ్గించండి. డ్రైవింగ్ ప్రెషర్ 13కు, ప్లేటో 25కు వస్తాయి. పీప్ రెట్టింపు అయింది, ప్లేటో మొదటికంటే తగ్గింది, ఆక్సిజన్‌ను నెమ్మదిగా 45 శాతానికి దించగలిగారు. అందరు పిల్లలూ ఇలా స్పందించరు. పీప్ పెంచగానే ప్లేటో కూడా అంతే పెరుగుతూ పోతే, తెరుచుకునేది లేదని ఒప్పుకుని ఆగిపోవాలి. ఒక వైపు మాత్రమే న్యుమోనియా ఉన్న బిడ్డలో ఇలా ఎక్కువగా చూస్తాం.

పీప్ పెంచితే బీపీ పడిపోతుందన్న భయం ఉత్తదేమీ కాదు. ఛాతీలో ఒత్తిడి పెరిగితే గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గుతుంది. రక్తనాళాల్లో ద్రవం సరిపడా ఉందో లేదో ముందే చూసుకోండి, బీపీ మందు సిద్ధంగా ఉంచుకోండి, వీలైతే ఎకో (గుండె స్కాన్)తో కుడి వైపు గుండెను ఒకసారి చూడండి. కానీ మూసుకుపోయిన ఊపిరితిత్తి కూడా కుడి గుండెకు భారమే. ఆక్సిజన్ అందని చోట రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఊపిరితిత్తి సరిగ్గా తెరుచుకున్న స్థాయిలో ఆ భారం అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, అటూ ఇటూ వెళ్లిన కొద్దీ పెరుగుతుంది. బీపీ పడిందని పీప్‌ను 5కు దించేయడం కంటే, బీపీకి చేయాల్సింది చేసి పీప్‌ను నిలబెట్టడం చాలా సందర్భాల్లో మంచి నిర్ణయం.

ఒకేసారి 40 ఒత్తిడి పెట్టి అర నిమిషం పట్టి ఉంచే పద్ధతిని మాత్రం మానేయండి. దూకుడుగా ఊపిరితిత్తిని తెరిచే పద్ధతిని పెద్దల్లో పరీక్షించిన ఒక పెద్ద పరిశోధన 2017లో వచ్చింది, అందులో మరణాలు పెరిగాయి. మెట్టు మెట్టుగా పీప్ పెంచి చూడటం వేరు, అది వేరు.

ఇంత కష్టపడి తెరిచిన ఊపిరితిత్తిని పైపు ఒక్కసారి ఊడదీస్తే క్షణాల్లో పోగొట్టుకుంటాం. కఫం తీయడానికి, పైపు ఊడదీయకుండానే లాగే, మూసి ఉండే సక్షన్ పద్ధతి వాడండి. గంటకోసారి అలవాటు కొద్దీ కాకుండా, అవసరం కనిపించినప్పుడే తీయండి. బిడ్డను వేరే మెషీన్‌కు మార్చాల్సి వస్తే శ్వాస లోపలికి వెళ్లిన క్షణంలో ట్యూబ్‌కు క్లాంప్ వేసి మార్చండి. నర్సులకు దీని కారణం వివరించి చెప్పండి. రాత్రి మూడు గంటలకు ఆ ఊపిరితిత్తిని కాపాడేది వాళ్లే.

కార్బన్ డయాక్సైడ్ విషయానికి వస్తే, పీహెచ్ 7.20కి పైన ఉన్నంతవరకు దాన్ని అలాగే ఉండనివ్వవచ్చు. తలలో ఒత్తిడి పెరిగిన బిడ్డ, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో తీవ్రమైన అధిక ఒత్తిడి ఉన్న బిడ్డ, కొన్ని పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు, గుండె కండరం బాగా బలహీనపడటం, నిలకడలేని బీపీ, ఇవి మినహాయింపులు. మీ బిడ్డకు వీటిలో ఏదీ ఉన్నట్టు మీరు రాయలేదు. ఆమ్లతను తగ్గించే బైకార్బొనేట్ ఎక్కించి పీహెచ్ అంకెను అందంగా చేయడం కూడా మామూలుగా అవసరం లేదు. రేటు పెంచడం తప్పని కాదు, దానికీ హద్దు ఉంది. నిమిషానికి 30 శ్వాసలు, లోపలికి 0.7 సెకను అయితే బయటికి రావడానికి 1.3 సెకను దొరుకుతుంది. అదే 45కు పెంచితే దొరికేది 0.63 సెకను, సగం కంటే తక్కువ. బిగుసుకున్న ఊపిరితిత్తి గాలిని త్వరగానే వదిలేస్తుంది కాబట్టి అచ్చమైన ఏఆర్‌డీఎస్‌లో 35 దాకా ఇబ్బంది రాకపోవచ్చు. బ్రాంకియోలైటిస్ (చిన్న గాలి గొట్టాల వాపు) కూడా కలిసి ఉన్న పసిబిడ్డలో మాత్రం గాలి లోపలే చిక్కుకుంటుంది. ఫ్లో గీత సున్నాకు రాకముందే తర్వాతి శ్వాస మొదలవుతోందా అని చూడండి, అవుతుంటే రేటు తగ్గించండి. రేటు ముట్టుకోవడానికి ముందు ట్యూబ్‌కూ పైపుకూ మధ్య తగిలించినవి చూడండి. ఫిల్టరు, వంపు తిరిగిన కనెక్టరు, పొడవాటి అడాప్టరు కలిపి 10, 15 మి.లీ. ఖాళీ చోటు చేస్తే, 5 కిలోల బిడ్డకు ఇచ్చే 30 మి.లీ.లో మూడో వంతు నుంచి సగం దాకా అక్కడే ముందుకూ వెనక్కూ తిరుగుతూ ఉంటుంది. అవి తీసేస్తే చాలు, చాలాసార్లు కార్బన్ డయాక్సైడ్ దానంతటదే దిగుతుంది.

సాచురేషన్ 100 ఉండాలన్న ఆరాటం కూడా వదిలేయాలి. 92 నుంచి 97 చాలు. తీవ్రంగా ఉన్న బిడ్డలో పీప్ సరిచేశాక 92 కంటే తక్కువను కూడా భరించవచ్చు, కానీ 88 కిందికి ఎక్కువసేపు వదలకూడదు. బ్రిటన్‌లో వెంటిలేటర్ మీద ఉన్న రెండు వేల మందికి పైగా పిల్లల్లో 88 నుంచి 92 లక్ష్యాన్ని, 94 దాటిన లక్ష్యంతో పోల్చి చూశారు. 2023 చివర్లో ఫలితాలు వచ్చాయి. తక్కువ లక్ష్యం పెట్టుకున్నవారి ఫలితాలు కొద్దిగా మెరుగ్గా ఉన్నాయి. వాళ్లంతా ఏఆర్‌డీఎస్ పిల్లలు కారు కాబట్టి దాన్ని మీ బిడ్డకు ఉన్నదున్నట్టు వర్తింపజేయను. 91 చూసి కంగారుపడి ఆక్సిజన్ నాబ్ తిప్పే చేతిని ఆపడానికి మాత్రం అది చాలు.

బిడ్డ సొంత శ్వాసను కూడా గమనించండి. మనం 60 మి.లీ. ఇస్తున్నామనుకుంటాం, బిడ్డ ఆరాటంతో గట్టిగా లాగి 100 తీసుకుంటుంది, లేదా ఒక శ్వాస మీద ఇంకోటి ఎక్కించుకుంటుంది. మెషీన్ ఒత్తిడి మామూలుగానే కనిపిస్తుంది, గాయం మాత్రం లోపల జరుగుతూనే ఉంటుంది. ముందు నొప్పి, భయం, జ్వరం, నిండిన మూత్రాశయం చూసుకుని, తర్వాత మత్తు మందు సరిచేయండి. తీవ్రమైన దశలో, మత్తు సరిపోయినా పొంతన కుదరకపోతే కండరాలను సడలించే మందు కొద్దిరోజులు వాడవచ్చు. రోజూ ఒకసారి ఆపి, ఇంకా అవసరమా అని చూడాలి.

మీరడిగిన తర్వాతి మెట్ల గురించి. నా మొదటి ఎంపిక బోర్లా పడుకోబెట్టడం. తీవ్రమైన ఏఆర్‌డీఎస్ ఉన్న పెద్దల్లో 2013లో వచ్చిన పరిశోధనలో ఒక్కో విడత కనీసం 16 గంటలు బోర్లా ఉంచితే 28 రోజుల మరణాలు 32.8 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయి. పిల్లల్లో 2005లో 102 మందితో వచ్చిన పరిశోధనలో లాభం కనబడలేదు. కానీ అందులో అంత తీవ్రంగా లేనివాళ్లూ ఉన్నారు, మరణాలు కూడా తక్కువ. చిన్న బిడ్డను ముగ్గురు కలిసి, ఒకరు తల దగ్గర ట్యూబ్‌ను మాత్రమే పట్టుకుని తిప్పితే, పెద్దవాళ్లంత కష్టం కాదు. పొట్ట మంచానికి ఒత్తుకోకుండా ఛాతీ కిందా, తుంటి కిందా ఎత్తు పెట్టండి. ట్యూబ్ లోతు మాత్రం మళ్లీ మళ్లీ చూసుకోవాలి. పసిపిల్లల శ్వాసనాళం పొడవు నాలుగైదు సెం.మీ. మాత్రమే. తల వంగితే ట్యూబ్ లోపలికి దిగుతుంది, చాపితే పైకి వస్తుంది.

చిన్న చిన్న శ్వాసలను అతి వేగంగా ఇచ్చే హై ఫ్రీక్వెన్సీ ఆసిలేషన్‌ను పెద్దల మీద రెండు పెద్ద పరిశోధనల్లో పరీక్షించారు, ఫలితాలు 2013లో వచ్చాయి. ఒకదాంట్లో లాభం లేదు, రెండోదాంట్లో మరణాలు పెరిగాయి. పిల్లల విషయంలో పాలిక్ అటూ ఇటూ చెప్పలేదు. మామూలు వెంటిలేటర్‌తో ప్లేటో 28 లోపల ఉంచలేని బిడ్డలో, దాన్ని బాగా తెలిసిన బృందం ఉంటే వాడవచ్చని నా అభిప్రాయం. ఊపిరితిత్తుల రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ వాయువు అందరికీ కాదు, ఊపిరితిత్తుల రక్తనాళాల ఒత్తిడి పెరిగిందనో కుడి గుండె అలసిపోయిందనో ఎకోలో తేలినప్పుడే. గాలి గదులు మూసుకుపోకుండా చూసే సర్ఫాక్టెంట్ నెలలు నిండని శిశువులకు ప్రాణదాయిని, ఈ వయసు బిడ్డకు అలవాటుగా ఇవ్వాల్సింది కాదు. రక్తానికి శరీరం బయటే ఆక్సిజన్ ఎక్కించే యంత్రం ఎక్మో గురించి ఒక్క మాట. బాగయ్యే అవకాశమున్న జబ్బుతో పైవన్నీ చేసినా ఆక్సిజన్ నిలవకపోతే, ఎక్మో కేంద్రంతో మాట్లాడటానికి చివరి గంట దాకా ఆగకండి. బిడ్డ ఇంకా తరలించగలిగిన స్థితిలో ఉండగానే ఫోన్ చేయండి.

ఏ దశలోనైనా సాచురేషన్ ఉన్నట్టుండి పడిపోతే వెంటిలేటర్ అంకెలు మార్చకండి. ట్యూబ్ జారిందా, మూసుకుపోయిందా, ఛాతీలో గాలి చేరిందా, మెషీన్ చెడిందా అని ఈ వరుసలో చూడండి. కార్బన్ డయాక్సైడ్ గీత ఎప్పుడూ తెర మీద ఉండాలి, ట్యూబ్ జారితే ముందుగా చెప్పేది అదే.

మొదటి రోజు బీపీ కోసం ఎక్కించిన ద్రవం మూడో రోజుకు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. షాక్ తగ్గాక లోపలికి వెళ్లేదానికీ బయటికి వచ్చేదానికీ ప్రతి పూటా లెక్క చూసి, శరీరంలో నీరు పేరుకోకుండా చూడండి. పాలు లేదా ట్యూబ్ ఫీడ్‌ను మొదటి మూడు రోజుల్లోపే మొదలుపెట్టండి.

చివరిగా, మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఒకటుంది. ట్యూబ్ తీయడం. బిడ్డ కోలుకుంటున్న రోజుల్లో అందరి చూపూ మరో మంచం మీదికి వెళుతుంది, ఈ బిడ్డ అవసరం తీరినా మరో రెండు రోజులు మత్తులోనే పడి ఉంటుంది. ఆక్సిజన్ 50 శాతం లోపుకు వచ్చి, పీప్ తగ్గించగలిగి, బిడ్డ దగ్గుతూ సొంతంగా శ్వాస తీసుకుంటుంటే రోజూ ఉదయం పరీక్ష పెట్టండి. వెంటిలేటర్ సాయాన్ని బాగా తగ్గించి, అర గంట నుంచి రెండు గంటల వరకు బిడ్డ తట్టుకుంటుందేమో చూడండి. ట్యూబ్ సన్నగా ఉంది కాబట్టి సాయం ఎక్కువ ఇవ్వాలని చాలామంది అనుకుంటారు. అలా ఎక్కువ ఇస్తే నిజంగా సిద్ధంగా లేని బిడ్డ కూడా సిద్ధంగా ఉన్నట్టు కనిపిస్తుంది. కఫ్ గాలి తీసినా పక్కనుంచి లీక్ వినిపించకపోతే, గొంతు వాపు అవకాశం ఎక్కువగా ఉంటే, ట్యూబ్ తీయడానికి కనీసం ఆరు గంటల ముందే వాపు తగ్గించే డెక్సామెథసోన్ మొదలుపెట్టండి. ట్యూబ్ తీశాక మళ్లీ అలసిపోయే అవకాశమున్న బిడ్డకు ముక్కు గొట్టాలతో వేగంగా గాలి ఇచ్చే హై ఫ్లో గానీ, ట్యూబ్ లేకుండా నిరంతరం ఒత్తిడి ఇచ్చే సీప్యాప్ గానీ ముందే మంచం పక్కన సిద్ధంగా ఉంచుకోండి. కొన్ని రోజులు మత్తు మందులు నడిచిన బిడ్డలో వాటిని ఒక్కసారిగా ఆపితే వణుకు, చెమట, విరేచనాలు, ఆపలేని ఏడుపు వస్తాయి. దాన్ని శ్వాస ఇబ్బంది అనుకుని మళ్లీ ట్యూబ్ వేయకండి, మందులను రోజుకు కొంత చొప్పున తగ్గించండి.

పీప్ పెంచాక వచ్చే అంకెలు, వాటితో పాటు ఎకో ఫలితం కూడా రాయండి. మీ బిడ్డ ప్లేటో ఏ మెట్టు దగ్గర ఎగిరిందో చూస్తే తర్వాత ఏం చేయాలో ఇంకా కచ్చితంగా చెప్పగలను.